బతికినందుకు వేసిన టేబులు

మనిషి మంచాన పడితే బత్తాయిలు తెస్తారు. బ్రెడ్డు తెస్తారు. దుడ్లు తేరు. ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు ఇది. నా మంచం కింద పళ్ళ సంచులు పేరుకుపోయి, పక్కన నర్సు మందుల చీటీ పట్టుకుని నిలబడిన రోజుల్లో నాకు తెలిసివచ్చిన సంగతి. ఆ పళ్ళు పక్క మంచాల వాళ్ళు తిన్నారు. నన్ను మంచినీళ్ళు కూడా తాగొద్దన్నారు.

నా పేరు మేరమ్మ. ఆళ్ళగడ్డలో శిల్పాల షెడ్డులో పని. చెక్కేది మగవాళ్ళు. చెక్కిన బొమ్మ మీద నీళ్ళు పోసి, నున్నగా వచ్చేదాకా రాయితో రుద్దేది మాలాంటి ఆడవాళ్ళు. ఆదివారం చర్చికి పోతాను, సోమవారం నుంచి వినాయకుడి బొజ్జ రుద్దుతాను. అదేంది అని అడిగినవాళ్ళు చాలామంది. కూలి పెంచినవాళ్ళు లేరు.

నా భర్త దేవదాసు పోయి పదేళ్ళు దాటింది. పిల్లలు లేరు. నలభై దాటాక పాస్టరమ్మ దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను, బైబిలు చదువుకోవడానికి. రాయడం ఇంకా ఆలస్యంగా వచ్చింది. అందుకని ఇందులో సోకులు వెతకొద్దు. జబ్బు చేసి, చేతిలో డబ్బు లేక, పక్కన మనిషి లేక ఉన్నవాళ్ళకు ఏమన్నా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. నాకూ మనసు కుదుటపడుతుంది.

జూలై

షెడ్డులో పని మధ్యలో కడుపును ఎవరో తడిబట్ట పిండినట్టు పిండారు. ముందు రోజు తిన్న అలసందల కూర మీదికి నెట్టి ఇంటికి పోయి పడుకున్నాను. తెల్లారేసరికి లేవలేకపోయాను. మా పక్కింటి హుసేన్‌బీ గాజుల గంప ఎత్తుకుని ఊళ్ళోకి పోతూ, నేను తలుపు తీయకపోయేసరికి తోసుకుని లోపలికొచ్చింది. గంప అక్కడే దించి ఆటో పిలిచింది. ఊళ్ళో డాక్టరు కడుపు మీద చెయ్యి పెట్టి, వెంటనే నంద్యాలకు పొమ్మన్నాడు.

నంద్యాలలో ప్రైవేటు ఆసుపత్రి హాల్లో మంచం దొరికేదాకా కూర్చోబెట్టారు. కుర్చీలన్నీ ఒకే ఇనుప కమ్మీకి బిగించి ఉన్నాయి. ఆ చివర ఒకాయన కాలు ఊపుతున్నాడు. ఆయన కాలు ఊపినప్పుడల్లా ఈ చివర నా కడుపు ఊగింది. ఆపమని చెప్పడానికి నోరు రాలేదు. హుసేన్‌బీ పోయి ఏం చెప్పిందో, ఆయన లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సాయంత్రం దాకా అట్లాగే నిలబడ్డాడు. ఆయన పేరు నాకు తెలియదు.

ఆపరేషన్ చేయాలన్నారు. కాగితం మీద సంతకం కావాలన్నారు. నేను పెడతానన్నాను.

"పేషంటు కాదమ్మా, పేషంటు తరఫు మనిషి పెట్టల్ల."

"నా తరఫు మనిషిని నేనే."

కౌంటరు దగ్గరి పిల్లోడు నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. నా తమ్ముడు జాను నంద్యాలలోనే ఆటో నడుపుతాడు. వాడు వచ్చి సంతకం పెట్టేదాకా నన్ను లోపలికి తీసుకుపోలేదు. ఇన్నేళ్ళు కష్టపడి నేర్చుకున్న సంతకం, నా కడుపు కోయడానికే చెల్లలేదు.

ఆపరేషన్ ప్రభుత్వ కార్డు మీద అయింది. దేవుడికి స్తోత్రం అనుకున్నాను. కానీ కుట్ల దగ్గర చీము పట్టింది, జ్వరం దిగలేదు. మళ్ళీ లోపలికి తీసుకుపోయారు, అద్దాల గదిలో పెట్టారు. ఈ రెండో ఆపరేషన్ కార్డులో రాదన్నారు. చేరే ముందే ఈ ఒక్క మాట అడగండి: కార్డు దేనికి చెల్లుతుంది, దేనికి చెల్లదు? మేము అడగలేదు. కార్డు ఉంది కదా అనే ధైర్యంతో ఉన్నాము.

అద్దాల గదిలో పగలు రాత్రి తేడా తెలియదు. అక్కడ మనిషికి దొరికేది ఒక్కటే, చప్పుడు. మిషన్ల చప్పుడు, ఎవరి పేరో పిలిచే చప్పుడు. నా పేరు పిలిచారంటే డబ్బు కట్టమనే. నన్ను వార్డులోకి మార్చిన రోజు జాను వచ్చి మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. వాడి ముఖం చూస్తేనే తెలిసింది.

"అక్కా, నా దగ్గర ఉండేది అయిపోయిండాది."

"ఇంటి కాగితాలు ట్రంకు పెట్టెలో ఉండాయి. ఓబులేసు దగ్గర పెట్టి తీసుకరా."

"మళ్ళా ఎట్ల ఇడిపిస్తావు?"

"సచ్చినాక ఇల్లేం చేసుకుందును? పో."

ఓబులేసు మా ఊళ్ళో వడ్డీకి తిప్పే మనిషి. యాభై వేలు ఇచ్చాడు. ఉగాదిలోపల అసలు కట్టకపోతే ఇల్లు అతనికి రాసిచ్చేట్టు కాగితం పంపాడు. దేవదాసు షెడ్డులో పనికిరాదని పారేసిన రాళ్ళను మోసుకొచ్చి గోడ కట్టిన రెండు గదుల ఇల్లు అది. ఆ కాగితం నేను మంచం మీదే మొత్తం చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే జాను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చదివే సంతకం పెట్టాను. చదువు రాకపోయి ఉంటే మోసపోయానని ఏడ్చేదాన్ని. ఆ సుఖం కూడా లేకపోయింది.

చూడటానికి చాలామంది వచ్చారు. లేదంటే అబద్ధం అవుతుంది. మా పెద్దమ్మ కొడుకు ఏసేపు అరటిపళ్ళు తెచ్చి, ఫ్యాను తిరగడం లేదని ఆసుపత్రిని తిట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. వాడిని చూస్తుంటే నాకు వాడి ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు గుర్తుకొచ్చాయి. రెండు పెళ్ళిళ్ళలోనూ నేను చదివింపులు చదివించాను.

మా వైపు పెళ్ళి పందిట్లో ఒక మూల టేబులు వేస్తారు. ఒకరు రాస్తారు, ఒకరు మైకులో చదువుతారు, ఫలానా వాళ్ళు ఇంత అని. అది దానం కాదు, అప్పూ కాదు. నోరు తెరిచి అడిగితే తప్పు. అడగలేదని మరిచిపోయినా తప్పే. మన ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు ఆ డబ్బు తిరిగి వస్తుంది. పిల్లలున్నవాళ్ళకు వస్తుంది. నేనూ దేవదాసూ, ఆయన పోయాక నేనొక్కదాన్నే, ముప్పై ఏళ్ళు ఊరందరి పెళ్ళిళ్ళకు, ఓణీలకు, ఇళ్ళలో చేరడాలకు చదివిస్తూనే వచ్చాము. మా ఇంట్లో జరిగింది ఒక్కటే, దేవదాసును సమాధి చేసినప్పటి ప్రార్థన కూడిక. చావుకు చదివింపులు ఉండవు.

ఆ పూట నాకు సిగ్గు పోయింది. "ఏసేపూ, నీ బిడ్డల పెళ్ళిళ్ళకు నేను చదివించింది ఇప్పుడియ్యి" అన్నాను.

వాడు స్టూలు మీది నుంచి లేచాడు. కోపం కాదు. నా జ్వరం తలకెక్కిందేమో అన్నట్టు చూశాడు.

"ఏందక్కా, ఆసుపత్రిలో చదివిస్తారా యాడన్నా? నువ్వొక కార్యం చెయ్యి. నేనే ముందర నిలబడి మైకు పట్టుకుంటా."

వాడు పిసినారి కాదు. అబద్ధం చెప్పే మనిషీ కాదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఊళ్ళో ఇన్ని ఇళ్ళలో నా డబ్బు ఉంది, నా ఇల్లు పోతోంది, ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఆగస్టు

ఆసుపత్రి నుంచి జాను ఇంటికి తీసుకుపోయాడు. వాళ్ళది ఒక గది, ఒక వంటిల్లు. చదువుకునే కూతురు. నన్ను పడుకోబెట్టడానికి ఆ పిల్ల పుస్తకాలు వంటింట్లోకి మారాయి. జాను భార్య సుజాత చెడ్డది కాదు. కట్టు మార్చింది, తల దువ్వింది, వాసన వస్తున్నా ముక్కు మూసుకోలేదు. ఒక రోజు పరదా అవతల మాత్రం గొంతు తగ్గించి మొగుణ్ణి అడిగింది, ఆటో అప్పు కంతు ఈ నెల ఎట్లా కట్టేది అని. నా మీద మాట కాదు అది. అయినా నా మీద పడింది.

మరుసటి రోజే ఆళ్ళగడ్డ బస్సు ఎక్కుతానన్నాను. "ఇంకో వారం ఉండు వదినా" అంది సుజాత. ఒక్కసారే అంది. రెండోసారి అనలేదు. నేను ఆమె స్థానంలో ఉన్నా అంతే అనేదాన్ని.

ఇంట్లో

ఇంటికి వచ్చాక నెలలకు పేర్లు పోయాయి. పొద్దున హుసేన్‌బీ గంజి గిన్నె గడప మీద పెట్టి, తలుపు మీద ఒక్క దెబ్బ కొట్టి, గాజులు అమ్ముకోవడానికి పోయేది. నిలబడి మాట్లాడితే ఆమె బేరం పోతుంది. ఆ దెబ్బ తరువాత మళ్ళీ సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి లేదు. మొదట్లో చర్చి ఆడవాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు. తరువాత పత్తి తీతలు వచ్చాయి. ఎవరి కూలి వాళ్ళది. ఆరోగ్యం బాగైందా అని దారిలో అడిగేవాళ్ళు, జవాబు వినేలోపే నాలుగు అడుగులు ముందుకు పోయేవాళ్ళు. నేను బాగున్నప్పుడు ఇతరులను అట్లాగే అడిగి ఉంటాను.

షెడ్డు పనికి ఇంకా పోకూడదన్నారు. వచ్చేది వితంతు పింఛను ఒక్కటే. మొదటి నెల దాన్ని ఎట్లా ఖర్చు పెట్టానో నాకే తెలియదు. అవసరానికి ఇచ్చేశాను, ఎవరు ముందు అడిగితే వాళ్ళకు. రెండో నెల పింఛను చేతిలో పడగానే ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. ముందు ఓబులేసు వడ్డీ తీసి పక్కన పెట్టాను. తరువాత మందులు. మిగిలినదాంట్లోనే తిండి. కేబులు కనెక్షన్ తీయించేశాను. టీవీ లేకపోతే పిచ్చెక్కుతుందన్నారు. అప్పటికే నేను దాంతో మాట్లాడటం మొదలుపెట్టి ఉన్నాను, పోతేనే మంచిదనుకున్నాను.

మందుల ఖర్చు దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. నంద్యాలకు చూపించుకోవడానికి పోయినప్పుడు చీటీ డాక్టరు ముందు పెట్టాను.

"సారూ, ఈ ఐదు గోళీల్లో ఏది మింగకపోతే సస్తాను?"

డాక్టరు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి చీటీ దగ్గరికి లాక్కుని, రెండు కొట్టేశాడు. ఇంకొకటి ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారని చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, ముందు మీరు అడగలేదు కదమ్మా అన్నాడు. అడగండి. ఇది రాసేది అందుకే. అడిగితే పోయేది మన పరువే, అది ఆసుపత్రి గౌను తొడిగిన రోజే పోయింది.

ఇట్లా చేస్తే వడ్డీ వరకు కట్టగలిగాను. అసలు కదలలేదు. క్రిస్మస్ పోయింది. ఉగాది దగ్గరికి వస్తోంది. ఓబులేసు ఒకసారి మా ఇంటి ముందు బండి ఆపి, గోడల వైపు చూసి, ఏమీ అడగకుండా పోయాడు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ రోజు నాకు ఏసేపు మాట మళ్ళీ గుర్తుకొచ్చింది. కార్యం చెయ్యి అన్నాడు. నాకు పెళ్ళి చేయడానికి బిడ్డ లేదు, ఓణీ ఇవ్వడానికి మనవరాలు లేదు. కానీ చావాల్సినదాన్ని చావలేదు. జబ్బు నుంచి లేచినవాళ్ళు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మా సంఘంలో ఉన్నదే. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేస్తాడు, వచ్చినవాళ్ళకు అన్నం పెడతాము. అయితే ఆ కూడికలో టేబులు వేసినవాళ్ళు ఇంతవరకూ లేరు.

పాస్టరయ్య దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్రార్థన దగ్గర చదివింపులు బాగుండవేమో అన్నాడాయన.

"పెండ్లిలోనూ మీరు ప్రార్థన చేసేదే గదా అయ్యా. ఆడ టేబులు ఉంటాది గదా."

పెళ్ళి వేరన్నాడు. చివరికి, ఆమెన్ అన్న తరువాత, టేబులు షామియానా బయట వేసుకోమన్నాడు.

ఫిబ్రవరి

కూడిక అయ్యాక టేబులు ఉంటుందని ఇల్లిల్లూ తిరిగి ముందే చెప్పి వచ్చాను. మా వీధిలో షామియానా వేశారు. గిన్నెలన్నీ హుసేన్‌బీ వాళ్ళ చుట్టాల దగ్గర తెచ్చింది. అన్నం, కోడిగుడ్ల కూర, చారు చేయించాను. సంఘ పెద్ద సామ్యేలు గిన్నె మూత తీసి చూసి, కోడన్నా కోయలేదా మేరమ్మా అన్నాడు. కోడి కోస్తే మీ దుడ్లు మీ కడుపులోకే పోతాయి అని చెప్పాను. జాను, సుజాత నంద్యాల నుంచి వచ్చారు. ఎదురుచూసినదానికంటే ఎక్కువ మందే వచ్చారు.

పాటలు అయ్యాయి, వాక్యం అయింది, సామ్యేలు కానుకల సంచి తిప్పాడు, ఆమెన్ అన్నారు. ఏసేపు మాట తప్పలేదు. షామియానా బయట టేబులు దగ్గర మైకు పట్టుకుని నిలబడ్డాడు. హలో హలో అన్నాడు. ఎవరూ రాలేదు. తన పేరు తానే చదువుకుని, తన డబ్బు తానే టేబులు మీద పెట్టాడు. మళ్ళీ ఎవరూ రాలేదు. జనం అన్నం వైపు పోతున్నారు. మైకులో వాడి దగ్గు ఒక్కటే వినిపిస్తోంది.

ముప్పై ఏళ్ళూ ఒక్క క్షణంలో అబద్ధమైపోయినట్టు అనిపించింది. ముందు వరుసలో కూర్చున్న, నాకు కోడలి వరసయ్యే రాహేలును చెయ్యి పట్టుకుని అడిగాను, ఏందే ఇది అని.

"మేం సంచిలో ఏసినాం గదా అత్తా. కూడికంటే సంచిలోనే గదా ఏసేది."

అందరూ అంతే చేశారు. కవరు మీద పేరు రాసి, లోపల చదివింపు పెట్టి, తీరా కూడికలో కూర్చున్నాక సంచి ముందుకు వచ్చేసరికి అలవాటు కొద్దీ అందులో వేశారు. చెయ్యి మనసు మాట వినలేదు. ఆ సంచి సామ్యేలు చంకలో ఉంది. మరుసటి ఆదివారం చర్చి లెక్కలో చేరిపోతుంది.

నేను పోయి సంచి అడిగాను. సామ్యేలు దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"దేవునికిచ్చింది వెనక్కి తీసుకుంటావా మేరమ్మా?"

"దేవునికిచ్చేవాళ్ళు పేరు రాయరన్నా. పేరు రాసినారంటే అది నాకే."

తినేవాళ్ళ చేతులు ఆగాయి. పాస్టరయ్య లేచి వచ్చాడు. ఎవరి వైపు మాట్లాడతాడో నాకు తెలియలేదు. ఆయన సామ్యేలు చంకలోంచి సంచి తీసుకుని టేబులు మీద బోర్లించాడు. పేరున్న కవర్లు ఏసేపు వైపు నెట్టాడు. విడి నోట్లు, చిల్లర మళ్ళీ సంచిలో వేశాడు. ఒక కవరు మీద పేరు లేదు. ఎవరిదని మైకులో అడిగితే ఎవరూ పలకలేదు. దాన్ని దేవునికే ఉండనివ్వమన్నాను.

ఏసేపు ఒక్కో పేరూ చదివాడు. నేను కుర్చీలో కూర్చుని విన్నాను. ప్రతి పేరుకూ నేను ఎప్పుడు ఎంత పెట్టానో నాకు తెలుసు. ఎంత పెట్టానో అంతే వచ్చింది. రూపాయి తక్కువ లేదు, రూపాయి ఎక్కువ లేదు. ఒక్కరూ మోసం చేయలేదు.

మా దగ్గర చదివింపు తిరిగి ఇచ్చేటప్పుడు కొంచెం ఎక్కువ వేసి ఇస్తారు. ఆ ఎక్కువ మళ్ళీ మనం తీర్చాలి, దానికి వాళ్ళు మళ్ళీ కొంత కలపాలి. అట్లా రెండిళ్ళ మధ్య రాకపోకలు సాగుతాయి. సరిగ్గా అంతే ఇచ్చారంటే లెక్క తీరిపోయినట్టు. వాళ్ళను తప్పు పట్టను. పిల్లలు లేని ముసలిదానితో ముందుకు లెక్క ఎవరు పెట్టుకుంటారు? కానీ ఆ పేర్లు వింటున్నంతసేపూ ఒక్కో ఇంటి తలుపు మెల్లగా, మర్యాదగా వేసుకున్నట్టే ఉంది.

పొద్దు గూకేలోపల అందరూ పోయారు. జాను వాళ్ళకు చివరి బస్సు ఉంది. హుసేన్‌బీ ఒక్కతే గిన్నెలు తోముతూ మిగిలింది. తోమి, చేతులు తుడుచుకుని, కొంగు ముడి విప్పి డబ్బు నా చేతిలో పెట్టింది. ఆమె కూతురి నిఖాకు నేను ఐదు వందలు ఇచ్చాను. ఇవి ఆరు ఉన్నాయి.

"నూరు ఎక్కువ ఉండాదే" అన్నాను.

"ఉండనీ."

"నేను మళ్ళా యాడ తీర్చేది?"

"నా మనవరాలి పెండ్లికి చదివియ్యి. అంతవరకూ యాడికీ పోవద్దు."

అని గిన్నెలు ఎత్తుకుని పోయింది.

వచ్చింది అప్పుకు చాలలేదు. నా కమ్మలు అమ్మేశాను. కుదువ పెట్టలేదు, అమ్మేశాను. మళ్ళీ ఇంకొకరికి వడ్డీ కట్టే ఓపిక లేదు. చెవులకు వేపపుల్లలు పెట్టుకుని ఓబులేసు దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. ఉగాది ఇంకా ఉంది కదా, తొందరేముంది అన్నాడు. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఇంటి కాగితాలు, నేను సంతకం పెట్టిన కాగితం తీసుకుని, ఆ రెండోది అక్కడే నిలబడి మళ్ళీ మొత్తం చదివి, చించి, అతని చెత్తబుట్టలోనే వేసి వచ్చాను.

ఇల్లు నాదైంది. అందులో నేను తప్ప ఎవరూ లేరు. షెడ్డులో చిన్న బొమ్మల పని మాత్రం ఇస్తున్నారు, అది కూడా సగం పూట. పెళ్ళి పత్రికలు ఈ ఏడాది తక్కువ వచ్చాయి. సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి, వాటికి మందు లేదు, ఉందని నేను చెప్పను.

పింఛను వచ్చిన రోజు ఓబులేసు వడ్డీ ముందుగా పక్కన పెట్టడం చేతికి అలవాటైపోయింది. ఇప్పుడు వడ్డీ లేదు. ఆ చోట వంద రూపాయలు పెడుతున్నాను, హుసేన్‌బీ మనవరాలి పేరు మీద. ఆ పిల్ల ఇంకా అంగన్‌వాడీకి పోతోంది. పెళ్ళికి చాలా ఏళ్ళు పడుతుంది. పట్టనీ.